చిన్నప్పుడే వదిలేసిన నాన్నను ఇప్పుడు నేనొక్కదాన్నే చూడాలా?

ఇరవై ఏళ్ల కిందట ఇల్లు విడిచిన నాన్న పక్షవాతంతో మంచాన పడ్డారు, అన్నయ్యేమో "నాకు సంబంధం లేదు" అంటున్నాడు, భారమంతా నాదేనా అని అడిగారు.

కాదండీ. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ప్రకారం, సొంత సంపాదన, ఆస్తితో బతకలేని తండ్రిని పోషించే బాధ్యత కొడుకులకూ కూతుళ్లకూ ఉంది. ఆయన మీ ఒక్కరి మీదే ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టినా, అన్నయ్యను కూడా చేర్చమని మీరు కోరవచ్చు. చట్టంలో గరిష్ఠ భరణం నెలకు 10,000 రూపాయలు.

మా ఇంట్లోనూ ఇదే జరిగింది. తమ్ముడు ఆయా జీతం ఇచ్చేవాడు, నేను ఆదివారాలు వెళ్లి గోళ్లు తీసేదాన్ని. మాట రాక నాన్న నా చెయ్యి పట్టుకుంటే నాకు కోపమే వచ్చింది. అయినా రెండో చేతి గోళ్లు కూడా తీశాను. మీకు దగ్గరకు వెళ్లాలనిపించకపోతే ఖర్చు వరకే చూడండి, తప్పేమీ లేదు.