చూపు లేకపోతే మిక్సింగ్ నేర్చుకోవచ్చా?

అన్నా, పదో తరగతి అయిపోయిన మీ అబ్బాయికి చూపు లేదు, కీబోర్డు బాగా వాయిస్తాడు, మిక్సింగ్, అంటే విడివిడిగా రికార్డు చేసిన గొంతూ వాయిద్యాలూ సరిపాళ్లలో కలపడం, నేర్చుకోగలడా, ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి అని అడిగినారు. నాకూ చూపు లేదు. తిరుపతిలో ఉంటాను, భజన పాటలు రికార్డు చేసి మిక్స్ చేస్తుంటాను. నేర్చుకుంటానని మొదట ఒక స్టూడియోకి పోతే, ‘ఇది తెర చూసి చేసే పని నాయనా’ అని కాఫీ తాగించి పంపించినారు.

ఇప్పుడే ఏమీ కొనొద్దండి. విండోస్ లాప్‌టాప్ ఉంటే తెర చదివి వినిపించే ఎన్‌వీడీఏ ఉచితం. మిక్సింగ్‌కు రీపర్ అనే సాఫ్ట్‌వేర్. దాన్ని 60 రోజులు ఊరికే వాడి చూడొచ్చు, తర్వాత సొంతానికి లైసెన్సు 60 డాలర్లు. దీన్ని మొదలుపెట్టిన జస్టిన్ ఫ్రాంకెలే ఒకప్పుడు కంప్యూటర్‌లో పాటలు వినే విన్యాంప్ చేసింది. జెడ్, ఎక్స్, సీ, వీ, బీ మీటలతో పాటలు మార్చుకున్న రోజులు మావాళ్లెవరూ మర్చిపోరు. రీపర్ మీద ఓసారా అనే ఉచిత పొడిగింపు వేయాలి. అది లేకపోతే రీపర్ మనకు సగం మూగది. ఎన్‌వీడీఏ మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరైన జేమ్స్ టెహ్ ఈ ఓసారాని తయారుచేసినారు, ఆయనకూ చూపు లేదు. వేసేటప్పుడు ఏ మీటకి ఏ పనో చెప్పే ఓసారా మీటల పట్టీ పెట్టమంటారా అని అడుగుతుంది, పెట్టమనండి. ఎఫ్12 నొక్కితే ఆ తర్వాత ఏ మీట నొక్కినా దాని పని ఏమిటో చెప్తుంది. నా మొదటి వారమంతా దాంతోనే గడిచింది. మెనూలన్నీ ఇంగ్లీషే, మీవాడికి ఆ మాటలు చెవికి అలవాటు కావాలి.

అసలు కష్టం వేరే ఉంది. పాట వినాల్సిన చెవితోనే కంప్యూటర్ మాటా వినాలి. మైకుల ధ్వనిని కంప్యూటర్‌కి చేర్చే పెట్టె, కొత్త ఆడియో ఇంటర్‌ఫేస్ తగిలించి రీపర్‌లో ఏఎస్ఐఓ అనే డ్రైవర్ ఎంచుకున్న రోజు, రీపర్ దాన్ని పూర్తిగా పట్టేసుకుంది. అందులోనే వస్తున్న ఎన్‌వీడీఏ గొంతు టక్కున ఆగిపోయింది. లాప్‌టాప్ చెడిపోయిందనుకుని గంటసేపు చెమటలు పట్టించుకున్నాను. వైరు పీకేస్తే గొంతు తిరిగొచ్చింది. అప్పటినుంచీ ఎన్‌వీడీఏని లాప్‌టాప్ స్పీకర్‌కి, పాటని ఇంటర్‌ఫేస్ హెడ్‌ఫోన్‌కి పంపిస్తాను. ఎడమ చెవి మీద హెడ్‌ఫోన్ కాస్త పక్కకి జరిపి పెట్టుకుంటాను. గట్టిగా వినాల్సినప్పుడు ఇన్సర్ట్, ఎస్ నొక్కి గొంతు మూయించేస్తాను.

ఇంక మిక్సింగ్ అంటారా, చంద్రగిరి దగ్గర ఒక రామాలయంలో రికార్డు చేసిన చెక్కభజనే నాకు పాఠం. హార్మోనియం, డోలకు, చెక్కలు, గురువుగారి గొంతు, నాలుగు మైకులు. గురువుగారి మాట వినపడలేదు. గొంతు పెంచినాను, డోలకు తగ్గిపోయినట్టైంది. డోలకు పెంచినాను. ఇట్లా పెంచుతూ పోతే అన్నీ కలిసి బయటికొచ్చే మాస్టర్ ట్రాక్ సున్నా డెసిబెల్ హద్దు దాటి ధ్వని పగిలింది. ఎంత దాటిందో ఓసారాలోని పీక్ వాచర్ చెప్పింది. అన్నీ దించేసి మళ్లీ మొదలుపెడితే అసలు దోషి దొరికింది: చెక్కలకున్న ఇత్తడి బిళ్లలు. పాటలో స, శ, చ లాంటి అక్షరాలు స్పష్టంగా వినిపించే చోటనే అవీ గలగలమంటాయి. చెక్కల ట్రాక్ మీద పీ నొక్కి, ధ్వనిలో ఒక్కో భాగాన్ని విడిగా పెంచి తగ్గించే రీఈక్యూలో మూడో బ్యాండ్‌ని 1000 హెర్ట్‌జ్ నుంచి 4500కి జరిపి 5 డెసిబెల్ తగ్గించినాను. బాణాల మీటలు నొక్కుతుంటే అంకెలు చదువుతూ పోతుంది, ఒక్కో మెట్టుకి గలగల వెనక్కి పోతున్నది వినపడింది. గొంతుని ముట్టుకోలేదు, మాటలు బయటపడినాయి. గొంతు ట్రాక్‌లో 80 హెర్ట్‌జ్ కింద ఉన్న ఫ్యాను గుర్రు కూడా తర్వాత కోసేసినాను. అదేం పెద్ద పని కాదు.

అందుకని మొదటి నెల రీఈక్యూ లాంటి ప్లగిన్లు వద్దు. నాలుగు ట్రాకులిచ్చి వాల్యూమ్, ధ్వనిని ఎడమకో కుడికో జరిపే ప్యాన్ మాత్రమే ముట్టుకోమనండి. పెద్ద స్పీకర్లు కొనొద్దు, చెవులకు మూత పడే హెడ్‌ఫోన్ ఒకటి చాలు. హెడ్‌ఫోన్‌తో వినడానికి ఖరీదైన గదేదీ అక్కర్లేదు. రికార్డు చేసేముందు ప్రతి ట్రాక్‌కీ ఎఫ్2 నొక్కి పేరు పెట్టే అలవాటు మాత్రం ఇప్పుడే చేయించండి. పేర్లు లేని పదకొండు ట్రాకుల్లో డోలకు ఏదో కనుక్కోడానికి నేను ఒక్కొక్కటీ సోలో చేసి, అంటే మిగతావన్నీ ఆపి, విన్న రాత్రి ఒకటుంది, అది మీవాడికి వద్దు.