స్టాటిక్ ఐపీకి డబ్బు కట్టే ముందు

మిర్యాలగూడ

చిరంజీవి మేనకోడలికి, మామ ఆశీస్సులు.

హాస్టల్ ఖాళీ చేసి, ఉద్యోగం వదలకుండానే నల్లగొండకు వచ్చేస్తున్నావనీ, ఇక ఇంట్లో కూర్చునే హైదరాబాద్ కంపెనీ పని చేస్తావనీ మీ అమ్మ రాత్రి ఫోన్ చేసి చెప్పింది. ఆమె సంతోషం చూసి నాకూ కడుపు నిండింది. ఊరు విడిస్తేనే బతుకుదెరువు అనుకున్న మన ఇంట్లో, కొలువును వెంటబెట్టుకుని తిరిగొస్తున్న మొదటి పిల్లవు నువ్వు. అయితే మాటల మధ్యలో, కేబుల్ అబ్బాయి చెప్పాడని స్టాటిక్ ఐపీ, అంటే ఇంటి నెట్ కనెక్షనుకు ఎప్పటికీ మారని అడ్రసు, కోసం ఏడాది డబ్బు ముందే కట్టబోతున్నావనీ, దాంతో ఇంటి కెమెరాలూ, తోటలోని కెమెరా ఎక్కడినుంచైనా చూసుకోవచ్చని అంటున్నావనీ కూడా చెప్పింది. అది విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. నువ్వు సాఫ్ట్‌వేర్ చదివినదానివి, నేను టెలిఫోన్ శాఖలో తీగలు లాగి రిటైరైనవాడిని. అయినా ఈ ఒక్క విషయంలో నా మాట విను.

ముందు చిన్న సంగతులు చెప్పేస్తాను. స్టాటిక్ ఐపీ వల్ల వేగం పెరగదు. స్తంభం మీది ఫైబర్‌ను కోతులు తెంపినా, రోడ్డు పనికి వచ్చిన జేసీబీ తవ్వి పారేసినా, స్టాటిక్ అయినా, అప్పుడప్పుడూ మారే డైనమిక్ అయినా నెట్ పోయినట్టే. ఆ డబ్బుతో రూటరుకూ ఫైబర్ డబ్బాకూ ఒక 12 వోల్టుల చిన్న యూపీఎస్ కొను, కరెంటు పోయిన పూట అక్కరకు వస్తుంది. ఇంటి లోపల ప్రింటరుకో కెమెరాకో అడ్రసు మారకుండా ఉండాలంటే రూటరులోనే డీహెచ్‌సీపీ రిజర్వేషన్ పెట్టుకోవచ్చు. దానికి ఎవరికీ పైసా ఇవ్వనక్కర్లేదు. ఇక బత్తాయి తోటలో స్టార్టర్ డబ్బా దగ్గర మీ నాన్న పెట్టించిన కెమెరా సిమ్ కార్డు మీద నడుస్తున్నది కదా! ఇంటి కనెక్షనుకు దానికి సంబంధమే లేదు. ఇంట్లో ఎన్ని స్టాటిక్ ఐపీలు తీసుకున్నా ఆ కెమెరాకు ఒరిగేదేమీ లేదని కేబుల్ అబ్బాయికి తెలియకపోవచ్చు, నీకు తట్టవద్దా?

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది: ఇప్పుడున్న కనెక్షనులో మన ఇంటికి పబ్లిక్ ఐపీ, అంటే బయటివాళ్లు నేరుగా చేరగలిగే అడ్రసు, అసలు వస్తున్నదా, లేదా? ఇంటర్నెట్‌లో పాత పద్ధతివైన ఐపీవీ4 అడ్రసులు 32 బిట్లవి, మొత్తం కలిపితే 429 కోట్ల పైచిలుకు. ప్రపంచానికంతటికీ వాటిని పంచే ఐయానా 2011 ఫిబ్రవరి 3న చివరి గంపగుత్తలను ప్రాంతీయ సంస్థలకు ఇచ్చేసి చేతులు దులుపుకున్నది. అప్పటి నుంచి కంపెనీలు వందల ఇళ్లను ఒకే పబ్లిక్ అడ్రసు వెనుక పెట్టి నడుపుతున్నాయి. దాన్నే సీజీనాట్ అంటారు. మా ఎక్స్ఛేంజి భాషలో చెప్పాలంటే ఇది ఆఫీసు లోపలి ఫోన్లను కలిపే ఈపీఏబీఎక్స్ వంటిది: ఆఫీసులో ప్రతి ఎక్స్‌టెన్షన్ నుంచీ బయటికి ఫోన్ చేయవచ్చు గానీ, బయటివాడు నేరుగా ఏ ఒక్క ఎక్స్‌టెన్షన్‌కూ చేయలేడు. రూటరు పేజీలోకి వెళ్లి వ్యాన్ ఐపీ అని ఉన్నచోట చూడు. అది 10తో మొదలైనా, 100.64 నుంచి 100.127 మధ్యలో ఉన్నా, ‘నా ఐపీ ఏది’ అని చెప్పే వెబ్‌సైట్లు చూపించే అంకెతో సరిపోలకపోయినా, మీరు సీజీనాట్ వెనుక ఉన్నట్టు లెక్క.

అట్లా ఉన్నంత మాత్రాన నీ పనికి ఏ లోటూ రాదు. మీటింగులు, మెయిళ్లు, కంపెనీ నెట్‌లోకి గుట్టుగా వెళ్లే దారైన వీపీఎన్, అన్నీ ఇంటి నుంచి బయటికి వెళ్లేవే. డయలప్ కాలంలో మోడెమ్ గీపెట్టి కలిసిన ప్రతిసారీ కొత్త అడ్రసు వచ్చేది, అది మారిందని ఒక్క చందాదారుడూ మా దగ్గరికి వచ్చి అడిగిన పాపాన పోలేదు.

ఇక నా అసలు భయం ఎక్కడి నుంచి పుట్టిందో చెబుతాను. ఇక్కడ నాకొక రైస్ మిల్లు స్నేహితుడున్నాడు. కొన్నేళ్ల కిందట ఆయన కొడుకు హైదరాబాద్‌లో ఉండి రోజూ రాత్రి మిల్లు లెక్కలు చూసుకోవాలన్నాడు. కంప్యూటర్లు బాగుచేసే ఒకాయన వచ్చి, స్టాటిక్ ఐపీ తీయించి, రూటరులో 3389 అనే పోర్టును, అంటే బయటినుంచి లోపలికి వచ్చే ఒక తలుపును, లెక్కల కంప్యూటరుకు ఫార్వర్డ్ చేసి, దూరం నుంచే ఆ కంప్యూటర్‌ను నడిపించే రిమోట్ డెస్క్‌టాప్ పెట్టి, చేతిలో డబ్బు పడగానే వెళ్లిపోయాడు. పాస్‌వర్డు మిల్లు పేరు, పక్కన 123. కొడుకు మురిసిపోయాడు, తండ్రి పదిమందికి చెప్పుకున్నాడు. వానాకాలం వడ్లు దిగి, మిల్లు ముందు లారీలు బారులు తీరి, హమాలీలకు అన్నం తినే తీరిక కూడా లేని రోజుల్లో, ఒక పొద్దున గుమాస్తా కంప్యూటర్ తెరిచేసరికి లెక్కలు రాసే ట్యాలీ తెరుచుకోలేదు. ప్రతి ఫైలు పేరుకూ ఏదో తెలియని తోక వచ్చి చేరింది. తెర మీద ఒక నోట్‌ప్యాడ్ ఫైలు, అందులో ఒక మెయిల్ అడ్రసు, ఇంత సొమ్ము బిట్‌కాయిన్‌లో పంపితే తాళం విప్పుతామన్న బెదిరింపు. బ్యాకప్ ఉన్నది కదా అని గుమాస్తా ధైర్యం చెప్పాడు. ఆ బ్యాకప్ ఉన్న పెన్‌డ్రైవ్ కంప్యూటర్ వెనకాల, దుమ్ముపట్టి, ఎన్నాళ్ల నుంచో గుచ్చినది గుచ్చినట్టే ఉంది. దానిలోని ఫైళ్లకూ అదే తోక.

కబురు వస్తే నేను వెళ్లాను. మరో కంప్యూటర్‌లో రూటరు పేజీ తెరిచి చూస్తే ఆ 3389 కనిపించింది. కంప్యూటర్‌లో జరిగినవి రాసిపెట్టే విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో 4625 అన్న నంబరు వరుసలు పైనుంచి కిందికి ఎంత జరిపినా ఒడవలేదు. 4625 అంటే లాగిన్ విఫలమైందని. అడ్మినిస్ట్రేటర్, అడ్మిన్, యూజర్, టెస్ట్, మళ్లీ అడ్మిన్: నిద్రాహారాలు లేని యంత్రమేదో పేర్లు మార్చి మార్చి తలుపు తట్టినట్టు. ఆ కుప్ప మధ్యలో అర్ధరాత్రి దాటాక ఒక్క 4624, అంటే లోపలికి వచ్చేశాడన్నమాట. నా స్నేహితుడు డబ్బు పంపలేదు. తక్‌పట్టీలు, కాంటా చీటీలు, రైతుల దగ్గరున్న కాగితాలు ముందేసుకుని లెక్కలన్నీ మళ్లీ రాయించాడు. వడ్ల డబ్బు ఆలస్యమైన రైతులు మిల్లు గేటు దగ్గర కూర్చుంటే ఆయన తల ఎత్తలేకపోయాడు.

ఆయన ఇప్పటికీ స్టాటిక్ ఐపీనే తిడతాడు. నేను ఒప్పుకోను. అడ్రసు డైనమిక్ అయినా ఆ పోర్టు తెరిచి ఉంటే ఇదే జరిగేది. మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో విడుదల చేసిన జీమ్యాప్ అనే పనిముట్టు ఒకే ఒక్క కంప్యూటర్‌తో ఐపీవీ4 ప్రపంచమంతటినీ ముప్పావు గంటలోపే వెతికేయగలదు. కాకపోతే మారని అడ్రసు ఒకసారి దొంగల పట్టికలోకి ఎక్కిందంటే రేపూ ఎల్లుండీ అక్కడే దొరుకుతుంది. ప్రోగ్రాములు రాసేవాళ్లు ఇవన్నీ తమకు తెలుసనుకుంటారు, అదే నాకు కోపం తెప్పిస్తుంది.

కెమెరాల మాటకు వస్తే నా భయం రెట్టింపవుతుంది. 2016లో మిరాయ్ అన్న వైరస్, ఫ్యాక్టరీ పాస్‌వర్డు మార్చని కెమెరాలనూ, వాటి దృశ్యాలు దాచే డీవీఆర్‌లనూ, రూటర్లనూ లక్షల్లో పట్టుకుని పెద్దపెద్ద సైట్లనే కూలదోసింది. మీ వరండాలో మీ అమ్మ మధ్యాహ్నం నడుం వాల్చే మంచం కూడా ఆ కెమెరాకు కనిపిస్తుంది. ఆమె తీరుబడిగా పడుకున్న దృశ్యం ఏ దేశంలోనో ఒకడి తెర మీద ఆడుతుందన్న ఊహే నేను భరించలేను. కాబట్టి డీవీఆర్ పాస్‌వర్డు మార్చు, రూటరులో యూపీఎన్‌పీ ఆపు, ఎందుకంటే అది నిన్ను అడగకుండానే పోర్టులు తెరుస్తుంది; కెమెరా కోసం ఒక్క పోర్టు కూడా ఫార్వర్డ్ చేయకు. బయటినుంచి చూడాలంటే ఇంటికి సొంత వీపీఎన్‌గా వైర్‌గార్డ్ పెట్టుకో. సరైన తాళంచెవి లేనివాడు తడితే అది బదులే ఇవ్వదు. పబ్లిక్ డైనమిక్ ఐపీ ఉంటే దానికి డీడీఎన్ఎస్ పేరు ఒకటి తగిలించు, అడ్రసు మారినా పేరు మారదు. సీజీనాట్ అయితే, పబ్లిక్ అడ్రసు లేకపోయినా కలిపే టెయిల్‌స్కేల్ వంటి వీపీఎన్ వాడు. రూటరుకు కొత్త పద్ధతి అడ్రసైన ఐపీవీ6 కూడా వస్తుంటే, దానిలోనూ బయటినుంచి వచ్చేవాటిని ఫైర్‌వాల్ ఆపుతున్నదో లేదో చూడు. ఒకవైపే చూసి ఊరుకోవద్దు.

ఒక్క సందర్భంలో మాత్రం స్టాటిక్ ఐపీ న్యాయమే. ఫలానా అడ్రసు నుంచి వస్తేనే మా సర్వర్లోకి రానిస్తామని మీ కంపెనీ రాతపూర్వకంగా అడిగితే తీసుకో. ముందుగా వాళ్ల వీపీఎన్‌తో సరిపోతుందేమో అడుగు, చాలాసార్లు సరిపోతుంది. తీసుకున్నా ఆ అడ్రసు కేబుల్ కంపెనీదే, రేపు కంపెనీ మారిస్తే అది నీ వెంట రాదని గుర్తుంచుకో. నెలకు తీసుకునే వీలుంటే ఏడాదికి కట్టకు.

డబ్బు చేతిలో పెట్టకముందు రూటరు పేజీ ఫోటో తీసి నాకు పంపు. వ్యాన్ ఐపీ, పోర్ట్ ఫార్వర్డింగ్ పట్టిక రెండూ కనిపించాలి. కేబుల్ అబ్బాయి తొందరపెడితే మామతో మాట్లాడమని నా నంబరు ఇవ్వు. వరండా కెమెరాను గేటు వైపు తిప్పించే పని మాత్రం నువ్వు వచ్చేదాకా ఆపకుండా ఇవాళే చేయించమని మీ అమ్మకు చెప్పు.

ఇట్లు,
మీ మామ