అడిగించుకోకుండా అందించడం ఎలా?

ప్రశ్న: నేను ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. మా తరగతిలో ఒక అబ్బాయి వారమంతా ఒకే చొక్కాతో వస్తాడు. వాసన వస్తోందని తోటి పిల్లలు అతని పక్కన కూర్చోవడం లేదు. ఒక అమ్మాయి ప్రతి నెలా మూడు నాలుగు రోజులు బడి మానేస్తోంది. కిందటి ఏడాది సభ పెట్టి, పేరు పేరునా పిలిచి బట్టలు పంచాము. ఆ అబ్బాయి ఆ చొక్కాను ఒక్క రోజు కూడా తొడుక్కోలేదు. ఎక్కడ పొరపాటు జరిగింది?

సమాధానం: అమ్మా, పొరపాటు ఇచ్చిన తీరులో జరిగింది. అందరూ చూస్తుండగా పేరు పిలిచినప్పుడే ఆ చొక్కా మీద దానమన్న ముద్ర పడిపోయింది. దానిని తొడుక్కున్న ప్రతిసారీ తన ఇంటి లేమిని తానే చాటుకున్నట్టవుతుందని ఆ పిల్లవాడికి తెలుసు. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలోని 27వ అధికరణం, అవసరమైన చోట ప్రభుత్వాలు ముఖ్యంగా ఆహారం, దుస్తులు, నివాసం విషయంలో కుటుంబాలకు తోడ్పడాలని చెబుతుంది. అదే ఒడంబడికలోని 16వ అధికరణం పిల్లల గోప్యతను, గౌరవాన్ని కాపాడమంటుంది. ఈ రెండింటినీ కలిపి చదువుకోవాలని నా మనవి.

వాసన సంగతి కాస్త నిదానంగా చూద్దాం. ఉన్నది ఒక్క జతే అయితే దానిని రాత్రి ఉతికి, ఇంట్లోనే దండెం మీద ఆరవేసి, తెల్లవారేసరికి ఆరినా ఆరకపోయినా తొడుక్కుని రావలసిందే. చంకల దగ్గర, కాలరు మడతలో తడి అలాగే ఉండిపోతుంది; అక్కడ సూక్ష్మజీవులు పెరిగి, ఒంటి వేడి తగలగానే చెమ్మ వాసన వేస్తుంది. అలాంటి పిల్లవాడిని శుభ్రంగా రమ్మని మందలిస్తే, రాత్రి కూర్చుని ఉతుక్కున్నందుకే మందలించినట్టవుతుంది. అందుచేత అతనికి మొదట కావలసింది రెండో జత. ఖరీదైన జత ఒక్కటి ఇవ్వడం కన్నా మామూలువి రెండు ఇవ్వడం మేలు. ఎదిగే పిల్లలు కనుక అంచు లోపల మడత ఎక్కువగా వదిలి కుట్టించినవైతే మరో ఏడాది పనికొస్తాయి. దాతలకు చొక్కాలు, ప్యాంట్లు గుర్తొస్తాయి గానీ లోదుస్తులు, బనియన్లు, మేజోళ్లు దాదాపు ఎవరికీ తట్టవు. పిల్లలు నోరు తెరిచి అడగలేనివి కూడా అవే.

ఇక సబ్బు. ఒంటి సబ్బుతో పాటు బట్టల సబ్బు కూడా ఇవ్వండి, అది లేకపోతే రెండో జత ఇచ్చినా వారం తిరగకుండా మళ్లీ మొదటికే వస్తుంది. ఒక పిల్లవాడికి ఇచ్చిన సబ్బును ఇంటిల్లిపాదీ వాడుకుంటారు, అది సహజం. అప్పుడే అయిపోయిందా అని అడగడం తగదు. ఇంట్లో నీటి వసతే లేని పిల్లలుంటే, బడిలోనే ఉతుక్కుని ఆరేసుకునే ఏర్పాటు చేయగలరేమో ఆలోచించండి. అమెరికాలో కొన్ని పాఠశాలలు ఇందుకోసమే ఆవరణలో బట్టలుతికే యంత్రాలు పెట్టాయి.

పంచే పద్ధతి విషయంలో నా సలహా ఒక్కటే: ఎవరికి అవసరమో తేల్చే పని పెట్టుకోకండి. చేతులు కడుక్కునే చోటికి దగ్గరగా, పెద్దల కళ్లు పడని మూలన తాళం లేని అల్మరా ఒకటి ఉంచి, సబ్బు, టూత్‌పేస్టు, బ్రష్షులు, దువ్వెనలు, ప్యాడ్లు, నాలుగైదు కొలతల్లో బట్టలు అందులో పెట్టి, బడిలో చదివే ఎవరైనా తీసుకోవచ్చని తరగతి మొత్తానికి చెప్పండి. పుస్తకంలో సరుకు లెక్క మాత్రమే రాయండి, పేర్లు రాయకండి. మొదట్లో కొందరు అవసరానికి మించి తీసుకోవచ్చు. రేపు ఉంటుందో ఉండదో అన్న భయం వాళ్ల చేత అలా చేయిస్తుంది. అల్మరా ఎప్పుడూ నిండుగా కనిపిస్తుంటే ఆ భయం తగ్గుతుంది. ఏడాదికొక పెద్ద సభకు పెట్టే ఖర్చును నెలనెలా సరుకు నింపడానికి మళ్లించమని దాతలను ఒప్పించండి.

ఆ అమ్మాయి విషయం ఒక ఉపాధ్యాయురాలిగా మీరే ఒంటరిగా, నెమ్మదిగా కనుక్కోవాలి. కడుపునొప్పి వల్ల రావడం లేదేమో కూడా తెలుసుకోవాలి. ప్యాడ్‌ను సాధారణంగా నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి మార్చుకోవాలి కనుక, బడి వేళల్లోనే కనీసం ఒకసారి మార్చుకునే అవసరం వస్తుంది. మరుగుదొడ్డి తలుపుకు గడియ, లోపల నీళ్లు, మూత ఉన్న చెత్తబుట్ట లేకపోతే ప్యాడ్లు ఇచ్చినా ఆమె రాలేదు. ఉతికి వాడే గుడ్డ ప్యాడ్లు మంచివే, కానీ ఎండలో ఆరేసుకునే చోటు లేని ఇంటికి అవి భారమే. స్కాట్లాండ్‌లో 2022 ఆగస్టు నుంచి అమలవుతున్న చట్టం ప్రకారం, అవసరమైన విద్యార్థులందరికీ ప్యాడ్ల వంటి నెలసరి వస్తువులు విద్యాసంస్థల్లో ఉచితంగా దొరకాలి.

తలలో పేలు కనిపిస్తే మాత్రం దానిని అపరిశుభ్రతగా లెక్కించవద్దు. రోజూ తలంటుకునే పిల్లలకూ పేలు పడతాయి. గజ్జి అని అనుమానం వస్తే ఇంట్లో అందరూ ఒకేసారి వైద్యం చేయించుకోవాలి, ఒక్క పిల్లవాడికి మందు రాస్తే చాలదు.

ప్రశ్న: మా అబ్బాయికి పొట్టయిపోయిన బట్టలు వాడి బడిలోనే పేద పిల్లలకు ఇవ్వవచ్చా?

సమాధానం: ఇవ్వండి, కానీ అదే బడిలో వద్దు. "అది నా చొక్కా" అని మీ అబ్బాయి అమాయకంగా అన్నా, తొడుక్కున్న పిల్లవాడు ఆ రోజంతా తల ఎత్తలేడు. ఉతికి, ఊడిన గుండీలు కుట్టి, ఇస్త్రీ చేసి వేరే పాఠశాలకు పంపండి. లోదుస్తులు మాత్రం ఎప్పుడూ కొత్తవే కొని ఇవ్వాలి.