డబ్బు మీరే కట్టారు సరే, డొమైన్ ఎవరి పేరున ఉంది?

ప్రశ్న: మాది చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్. నాన్నగారు 1998లో పెట్టారు. 2017లో ఒంగోలు కుర్రాడొకడు వెబ్‌సైట్ చేసి, మా సంస్థ పేరుతో డాట్ ఇన్ డొమైన్ తీసిచ్చాడు. ఏటా రెన్యువల్ డబ్బు ఫోన్‌పేలో పంపుతున్నాం. ఇంట్లో మనిషిలా అన్నం పెట్టాం. ఇప్పుడు డొమైన్ తనదేనంటూ వాట్సాప్‌లో మూడు లక్షలు అడుగుతున్నాడు. సైటూ, మెయిలూ ఆపేశాడు. అతని అకౌంట్ పాత పాస్‌వర్డ్ నా దగ్గరుంది, లోపలికెళ్లి మార్చేసుకుందామని బావమరిది అంటున్నాడు. రిజిస్ట్రీకి రాస్తే ఇప్పించరా? వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలా?

జవాబు: అన్నం సంగతి ఆర్బిట్రేటర్, అంటే ఇలాంటి వివాదం తేల్చే మధ్యవర్తి, అడగడు. ఆ పేరు మీద అతనికంటే ముందు నుంచి మీకు హక్కుందా, ఉంటే కాగితమేది అని అడుగుతాడు. మీ కేసు అక్కడే తేలుతుంది.

డాట్ ఇన్ రిజిస్ట్రీని 2005 నుంచి నడుపుతున్నది నిక్సీ, అంటే నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా. అది నేరుగా డొమైన్లు అమ్మదు, గుర్తింపు పొందిన రిజిస్ట్రార్లే అమ్ముతారు. ముందు అడిగినవాడికి ముందు. ఈ పేరు ఎవరి వ్యాపారానిదని అప్పుడెవరూ విచారించరు. రికార్డులో రిజిస్ట్రెంట్‌గా, అంటే డొమైన్ తీసుకున్నవారిగా, ఎవరుంటే రిజిస్ట్రార్‌కు వాళ్లే యజమాని. కాబట్టి మీ ఉత్తరానికి ఎవరూ డొమైన్ తీసిచ్చేయరు. ఫోన్‌పే స్క్రీన్‌షాట్ మీరు డబ్బిచ్చారని చెబుతుందంతే. వేబిల్లు లేకుండా ఒక్క స్లాబు గేటు దాటనివ్వని మీరు, ఇన్నేళ్లలో డొమైన్ బిల్లు ఎవరి పేరున వస్తోందో ఒక్కసారైనా చూశారా?

పాస్‌వర్డ్ జోలికి మాత్రం వెళ్లకండి. ఆ అకౌంట్ అతనిది. అనుమతి లేకుండా దూరితే ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద మూడేళ్ల వరకు జైలు, లేదా ఐదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఫిర్యాదుదారుగా నిలబడాల్సిన మీరు ముద్దాయి అవుతారు. బావమరిదికి చెప్పండి.

మీ దారి ఐఎన్‌డీఆర్‌పీ, అంటే డాట్ ఇన్ వివాదాల విధానం. ఫిర్యాదు నిక్సీకే ఇస్తే ఆర్బిట్రేటర్‌ను వాళ్లే నియమిస్తారు. మూడూ రుజువు కావాలి: డొమైన్ మీ పేరును పోలి ఉందని, అతనికి న్యాయమైన హక్కు లేదని, దాన్ని దురుద్దేశంతో తీశాడని లేదా వాడుతున్నాడని. 'మీరు చెబితేనే తీశా' అంటాడు, అది నిజమే. ఆ 'లేదా' మీకు ప్రాణం. మూడు లక్షలడిగిన మెసేజే మీ ఆయుధం. ఖర్చుకు మించిన ధరకు అమ్ముకోవాలనే ప్రధానంగా డొమైన్ తీసుకోవడం దురుద్దేశానికి గుర్తని ఆ విధానమే చెబుతోంది, ఆ ఉద్దేశాన్ని చూపడానికి ఈ మెసేజ్ పనికొస్తుంది. 'లక్షయితే ఇస్తా' అని బేరానికి దిగి దాన్ని పాడుచేయకండి. చాట్ చెరపొద్దు, ఫోన్ మార్చొద్దు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేసే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్‌తో దాన్ని దాఖలు చేయాలి.

ఇక 2017కు ముందువి వెతకండి: పాత సేల్స్ ట్యాక్స్ రిజిస్ట్రేషన్, షిప్పింగ్ బిల్లులు, బ్యాంకు పత్రాలు, పేరు వేసిన బండిల్స్ ఫొటోలు. ట్రేడ్‌మార్క్ రిజిస్టరు కాకపోయినా, డొమైన్ పేరుకు పాసింగ్ ఆఫ్ రక్షణ, అంటే మీ పేరును మరొకరు తమదిగా చలామణి చేయకుండా రక్షణ, ఉంటుందని సత్యం ఇన్ఫోవే కేసులో 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ మీ సంస్థ పేరే 'గెలాక్సీ గ్రానైట్స్' లాంటిదైతే కష్టం. గెలాక్సీ అనేది చీమకుర్తి నల్ల గ్రానైట్ పేరు, అక్కడ అది అందరి రాయీనూ.

వినియోగదారుల కమిషన్ వద్దు. వ్యాపార అవసరానికి తీసుకున్న సేవ కాబట్టి మొదటి వాయిదాలోనే అభ్యంతరం వస్తుంది. ఆర్బిట్రేటర్ డొమైన్ బదిలీ చేయగలడు, రద్దు చేయగలడు గానీ పోయిన ఆర్డర్లకు నష్టపరిహారం ఇవ్వడు. దానికి సివిల్ దావా వేయాలి, ఒప్పందం తప్పిన రోజు నుంచి మూడేళ్లలోపు. అంతకంటే దగ్గరి గడువు డొమైన్‌ది. డొమైన్ వివరాలు చూపే రిజిస్ట్రీ వూయిజ్ (WHOIS)లో ఎక్స్‌పైరీ తేదీ ఈరోజే చూడండి. అతను రెన్యువల్ చేయకుండా వదిలేస్తే, కొంతకాలానికి ఊరూ పేరూ తెలియనివాడెవడో ఎగరేసుకుపోతాడు. అప్పుడు కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఈ వారంలోనే లాయర్ నోటీసు స్పీడ్ పోస్టులో పంపండి. రాళ్లు, కట్టడ సామగ్రి వచ్చే 19వ తరగతిలో ట్రేడ్‌మార్క్‌కు దరఖాస్తు చేయండి, వాడుక తేదీ నిజమైనదే రాయండి. వేరే డొమైన్ సంస్థ పేరున, సంస్థ ఈమెయిల్‌తో తీసుకోండి. పాత మెయిల్ పెట్టె అతని చేతిలో ఉంది. బ్యాంకు ఖాతా మారిందంటూ ఆ అడ్రసు నుంచి ఏదొచ్చినా నమ్మొద్దని కొనుగోలుదారులందరికీ ఇవాళే ఫోన్ చేసి చెప్పండి.