ఆరో వంతు నుంచి మూడో వంతు దాకా
పాఠకుల ప్రశ్నలు – కేవ్ డైవింగ్ (నీట మునిగిన గుహల్లో డైవింగ్)

ప్రశ్న: ఫ్లోరిడాలో ఉద్యోగం. సముద్రంలో 70 డైవ్‌లు చేశాను. కేవర్న్ నుంచి ఫుల్ కేవ్ దాకా వరసగా ఎనిమిది రోజుల్లో పూర్తి చేయిస్తామంటున్నారు. సెలవు కూడా కలిసొస్తోంది. చేరిపోనా? – టాంపా పాఠకుడు

జవాబు: ఎనిమిది రోజుల్లో అర్హత కార్డు చేతికి రావచ్చు. అయినా మీకు మాత్రం వద్దనే అంటాం. ఎందుకో గాలి లెక్క వేస్తే తెలుస్తుంది.

కేవర్న్ అంటే గుహ నోరు. వెనక్కి తిరిగితే పగటి వెలుతురు కనపడాలి. లోతూ దూరమూ కలిపి నీటి పైభాగం నుంచి సుమారు 60 మీటర్లే హద్దు. ఇంట్రో కేవ్‌లో ఆ వెలుతురు దాటి వెళ్తారు. కాకపోతే ఒకే లైన్ (బయటికి దారి చూపే తాడు) పట్టుకుని, పక్కదారి పట్టకుండా, జంట సిలిండర్లలో ఉన్న గాలిలో ఆరో వంతే లోపలికి ఖర్చు పెట్టాలి. ఫుల్ కేవ్‌కి వచ్చేసరికి ఆ ఆరో వంతు మూడో వంతవుతుంది.

12 లీటర్ల సిలిండర్లు రెండు, పీడనం 200 బార్. అంటే 4,800 లీటర్ల గాలి. మూడో వంతు 1,600. అది ఖర్చయి ఇక వెనక్కి తిరుగుదామనుకునే చోటే మీ బడ్డీ (జోడీ డైవర్) గాలి మొత్తం పోయిందనుకోండి. మీ దగ్గర 3,200 ఉంది. బయటికి రావడానికి తలా 1,600, ఇద్దరికీ 3,200. మిగిలేది సున్నా. కంగారులో ఇద్దరి ఊపిరీ ఒకటిన్నర రెట్లయితే 4,800 కావాలి. అంటే దారిలో మూడో భాగం ఇంకా ఉండగానే గాలి అయిపోతుంది. ఇదే ఆరో వంతు దగ్గర జరిగితే? చేతిలో 4,000, అవసరం 1,600. రెండున్నర రెట్లు ఊపిరి తీసినా బయటపడతారు. మీ పీడనం గేజీ బార్‌లో కాక పీఎస్ఐలో ఉన్నా లెక్క ఇదే.

అందుకే మూడో వంతు అనేది ఆపదలోనూ ఊపిరి లయ తప్పని వాడి కొలత. ఆ నిదానం తరగతిలో అబ్బదు, డైవ్‌లు చేయగా చేయగా వస్తుంది. కేవర్న్, ఇంట్రో కలిపి ఇప్పుడు చేసేయండి. తర్వాత కనీసం 20, 25 డైవ్‌లు ఆరో వంతు మీదే చేయండి, అదీ రెండు రకాల గుహల్లో. ఫ్లోరిడాలోనే జిన్నీ స్ప్రింగ్స్‌లో ప్రవాహం ఎదురు తోస్తుంది. లోపలికి పోవడానికి రాళ్లు పట్టుకుని లాక్కుంటూ సాగాలి, వచ్చేటప్పుడు నీరే బయటికి తోస్తుంది. పీకాక్ స్ప్రింగ్స్‌లో ప్రవాహం తక్కువ, ఒండ్రు ఎక్కువ. కాలి ఫిన్ ఒక్కసారి కిందికి కొడితే చెయ్యి కనపడదు. ఒకచోట మాత్రమే నేర్చుకున్నవాడు రెండోచోట తడబడతాడు. నీరు లోపలికి లాగే సైఫన్ గుహల జోలికి ఇప్పుడే పోకండి. అక్కడ వెళ్లేదారి సులువు, వచ్చేదారి కష్టం. మూడో వంతు లెక్క అక్కడ తిరగబడుతుంది.

ప్రశ్న: నేను డైవింగ్ శిక్షకుణ్ణి, 500 పైచిలుకు డైవ్‌లు. కేవర్న్ కోర్సు మళ్లీ మొదటి నుంచి చేయాలా? – విశాఖపట్నం

జవాబు: చేయాలి. ఫ్లోరిడా గుహల నోటి దగ్గర యముడి బొమ్మతో ఒక బోర్డు ఉంటుంది. 300 మందికి పైగా డైవర్లు ఇలాంటి గుహల్లో చనిపోయారని, వాళ్లలో సముద్రపు శిక్షకులూ ఉన్నారని దాని మీదే రాసి ఉంటుంది. సొరబుర్ర కట్టుకుని బావిలో ఈత నేర్చిన వాడికైనా తల ఎత్తితే ఆకాశం కనపడుతుంది. సముద్రంలో మీకు అలవాటైన ప్రతి పరిష్కారం చివరికి పైకి పోవడంతోనే ముగుస్తుంది. గుహలో పైన రాయి. 500 డైవ్‌లలో పాతుకుపోయిన ఆ అలవాటును ముందు వదిలించుకోవాలి. ఆ మాటకొస్తే ఇది కొత్తవాడి కన్నా మీకే కష్టం కావచ్చు.

అమెరికా గుహ డైవర్ షెక్ ఎక్స్‌లీ 1979లో గుహ ప్రమాదాలను విడదీసి చూసి తేల్చిన కారణాలతో మొదలైన జాబితా ఇప్పటికీ శిక్షణకు పునాది. తర్ఫీదు లేకపోవడం, బయటిదాకా తెగని లైన్ వేయకపోవడం, గాలిలో మూడింట రెండు వంతులు తిరుగు దారికి ఉంచకపోవడం, మితిమీరిన లోతు, మూడు దీపాలు లేకపోవడం.

ప్రశ్న: ఇంట్రో అయింది, పన్నెండు డైవ్‌లు చేశాను. తర్వాతి మెట్టుకి సిద్ధమో కాదో ఎలా తెలుస్తుంది?

జవాబు: డైవ్‌ల లెక్కతో కాదు, చేతులతో. కళ్లు మూసుకుని, బొటనవేలు చూపుడువేలు లైన్ చుట్టూ ఉంగరంలా పెట్టి, బడ్డీ మీ చెయ్యి పట్టుకుని ఉండగా ఎక్కడా ఆగకుండా బయటికి రాగలగాలి. నెడితే కదలాలి, నొక్కితే ఆగాలి.

లైన్ పోయిన అభ్యాసం ఇంకా కఠినం. పోయిందని తెలిసిన క్షణాన కదలకండి. దీపం చేత్తో కప్పి బడ్డీ వెలుగు కనపడుతుందేమో చూడండి. కనపడకపోతే సేఫ్టీ స్పూల్ (దారం చుట్టిన ఉండ) తీసి దగ్గరి రాయికి ముడి వేసి, లైన్ ఆఖరిసారి కనపడిన దిక్కుకు చెయ్యి ముందుకు చాపి ఊపుతూ వెతకండి. చాలామంది చేసే తప్పు ముడి వేయకముందే రెండడుగులు జరగడం. దాంతో మొదలెట్టిన చోటు కూడా పోతుంది.

ఇక సిలిండర్ల వాల్వులు. పైకప్పుకి రాసుకుంటూ ముందుకు పోతే ఎడమవైపు వాల్వు పిడి దానంతటదే మూసుకునే దిశలో తిరుగుతుంది. బ్యాకప్ రెగ్యులేటర్ (ఊపిరికి అదనంగా ఉంచుకునేది) సాధారణంగా దాని మీదే ఉంటుంది కాబట్టి మూసుకున్న సంగతి మీకు తెలియదు, అవసరం పడ్డప్పుడే తెలుస్తుంది. పైకప్పు తగిలినప్పుడల్లా చెయ్యి వెనక్కి పోయి అది తెరిచి ఉందో లేదో చూసుకోవాలి. మీ చెయ్యి అలా ఆలోచించకుండా పోతోందా? వాల్వులు మూసి తెరిచేటప్పుడు నీటిలో మీరున్న లోతు అరమీటరుకు మించి మారకుండా ఉంటోందా? రెండిటికీ అవునంటే వెళ్లండి.

ప్రశ్న: నా మిత్రుడికి ఫుల్ కేవ్ ఉంది, నాకు ఇంట్రో. తన వెంట ఒక జంప్ దాకా పోవచ్చా?

జవాబు: వద్దు. బృందంలో తక్కువ మెట్టు ఎవరిదైతే, హద్దు వాళ్లదే. ఫ్లోరిడాలో పక్కదారి లైన్ ప్రధాన లైన్‌కి కలిపి ఉండదు. మధ్య ఖాళీని (దాన్ని దాటడమే జంప్) స్పూల్‌తో కట్టి, బయటి దిక్కుకు బాణం గుర్తు తగిలించి వెళ్తారు. ఒండ్రు లేచినప్పుడు ఆ ముడుల దగ్గర ఏ దారం ఎటు పోతోందో మీ వేళ్లే చదవాలి. మిత్రుడి చెయ్యి జారితే మీకు ఆ చదువు రాదు. గాలి మాట కూడా చూడండి. ఇద్దరి సిలిండర్లూ ఒకే పరిమాణమై అతనిది 210 బార్, మీది 190 అయితే మీ 190ని 180కి దించి, అందులో ఆరో వంతు 30 బార్ ఇద్దరూ వాడాలి. మీరు 160 దగ్గర, అతను 180 దగ్గర తిరగాలి. ఎవరు ముందు ఆ అంకెకి వస్తే ఇద్దరూ అక్కడే వెనక్కి.

ప్రశ్న: ఫుల్ కేవ్ కార్డు తీసుకున్నాక రెండేళ్లు హైదరాబాద్‌లోనే ఉండిపోయాను. తిరిగి వెళ్లి నేరుగా మొదలుపెట్టొచ్చా?

జవాబు: మొదటి రోజు శిక్షకుడితో కేవర్న్‌లో అభ్యాసాలు చేయండి. ఆ తర్వాత నాలుగైదు డైవ్‌లు ఆరో వంతుకే, ప్రధాన లైన్‌కే పరిమితం. సిలిండర్ల మధ్య వాల్వు పూర్తిగా తెరిచి ఉందో లేదో గాలి నింపించేటప్పుడే చూసుకోండి. అది మూసి ఉంటే గేజీ ఒక సిలిండర్ సంగతే చెబుతుంది.