బోర్డు సంగతి తర్వాత, ముందు ఈ నాలుగు మాటలు విను

బిడ్డా,

ప్రభువు నామంలో నీకూ, అల్లుడికీ వందనాలు. నీ వాట్సాప్ మెసేజ్ చదివాను. ఇంత జవాబు ఆ చిన్న ఫోన్‌లో టైపు చేయడం నా వల్ల కాదు, అందుకే కాగితం మీద రాసి పంపిస్తున్నా.

నర్సంపేట దగ్గర అరెకరం జాగా ఇస్తామన్నారనీ, హెచ్ఐవీ పిల్లలకు హోమ్ కట్టాలనుకుంటున్నామనీ, బోర్డు మీద ఏ వాక్యం రాయిస్తే బాగుంటుందో చెప్పమనీ అడిగావు. అసలు బోర్డే వద్దంటాను నేను. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు.

ఆ బోర్డు ఉన్న గేటులోంచి బడికి పోయే ప్రతి పిల్లనూ ఊరు ఒకే పేరుతో పిలుస్తుంది. ఆ జబ్బుతో అమ్మానాన్నలు పోయిన పిల్లల్లో చాలామందికి అసలు వైరస్సే ఉండదు. గర్భిణికి మందులేమీ ఇవ్వకపోతేనే వందలో 15 నుంచి 45 మంది బిడ్డలకు సోకుతుంది. తల్లి వేళకు మందులు వేసుకుంటే అది 5 కంటే తక్కువకు పడిపోతుంది. బిడ్డకు ఆరో వారంలో మొదటి పరీక్ష చేస్తారు, పద్దెనిమిది నెలలకు ఖాయంగా తేలుస్తారు. అందులో లేదని వచ్చిన పిల్లను కూడా మనం తీసుకొచ్చి ఆ బోర్డు కింద నిలబెడితే, రేపు దాని పెళ్లి సంబంధాల దగ్గర ఎవరు జవాబు చెప్తారు?

నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లి గుర్తు చేశావు. మిషనరీలు కుష్ఠు రోగుల కోసం అంత పెద్ద ఆసుపత్రి కట్టలేదా అన్నావు. కట్టారు, నాకూ ఆ చరిత్ర అంటే గౌరవమే. 1915లో ఇసబెల్ కెర్ అనే మెథడిస్టు డాక్టరమ్మ దాన్ని మొదలుపెట్టినప్పుడు రోగిని ఊరు తరిమేసేది. అప్పటి మందు చాల్‌మోగ్రా నూనె, ఆ సూది మళ్లీ మళ్లీ వేయించుకోవాలి, వేసేవాళ్లు అక్కడే ఉండేవాళ్లు. మందు ఉన్నచోటికి మనిషి పోయి ఉండక తప్పని రోజులవి. ఇప్పుడు మందు సంచిలో పడి ఇంటికొస్తుంది. నా నర్సు ఉద్యోగం మొదట్లో మేము చూసిన కాలం కూడా వేరే. భీవండీ మగ్గాల నుంచి, బొంబాయి కూలి పనుల నుంచి, లారీల మీది నుంచి ఇంటికొచ్చిన మగవాళ్లు ముందు పోయేవాళ్లు, వెనకే భార్యలు. శవానికి స్నానం చేయించడానికి సొంతవాళ్లు ముందుకు రాకపోతే మా స్త్రీల సమాజం వాళ్లే చేయించేవాళ్లు. 2004 ఏప్రిల్ 1న సర్కారు ఉచితంగా ఏఆర్‌టీ మందులు, అంటే హెచ్ఐవీని అణచి ఉంచే గోలీలు, ఇవ్వడం మొదలుపెట్టింది. అవి వరంగల్‌లోని సర్కారు దవాఖాన ఎంజీఎంకు వచ్చాక మా పని మారిపోయింది. అంతకుముందు చావు దగ్గర నిలబడేవాళ్లం, తర్వాత నుంచి రాత్రి ఎనిమిదింటికి గోలీ వేసుకున్నావా అని అడిగేవాళ్లమయ్యాం. నువ్వు ఈ రెండో పనిలోకి వస్తున్నావు, మొదటి దాని కోసం కట్టిన ఇల్లు నీకు అక్కర్లేదు.

పిల్లకు అమ్మమ్మో, మేనత్తో ఉంటే పిల్ల అక్కడే ఉండాలి. ఆ ముసలమ్మకు లేనిది ప్రేమ కాదు, పైసలు. కాబట్టి ముందు కాగితాలు పట్టుకో. అమ్మానాన్నల మరణ ధ్రువీకరణ పత్రాలు ఉన్నాయా? చాలా ఇళ్లలో ఉండవు, దవాఖానలో పోయినవాళ్లవి కూడా తెచ్చుకోరు. అవి చేతికొస్తే సగం దారులు తెరుచుకుంటాయి. కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద బంధువుల దగ్గర పెరిగే అనాథ పిల్లకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది, జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు పెట్టాలి. ఏఆర్‌టీ మందులు వాడేవాళ్లకు నెలనెలా పింఛను ఉంది, 2019లో దాన్ని 2,016 రూపాయలు చేశారు. తండ్రి పేరు మీద ఎకరమో అరెకరమో ఉంటే విరాసత్, అంటే వారసుల పేరు మీదికి భూమి మార్పు, ఎవరి పేరు మీద అయిందో ఎమ్మార్వో ఆఫీసులో తప్పకుండా చూడు. పెదనాన్నలు, చిన్నాన్నలు పిల్లను హోమ్‌కు పంపించెయ్యమని మరీ ప్రేమగా బతిమాలుతుంటే నాకు ముందు ఆ భూమే గుర్తొస్తుంది. నా బుద్ధి అంతే అనుకో.

ఇంకో సంగతి, ఇది మన పాస్టర్లలో కూడా చాలామందికి తెలియదు. 2017లో వచ్చిన హెచ్ఐవీ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. పెద్ద దిక్కు లేని ఇంట్లో పన్నెండేళ్లు నిండిన అక్కో అన్నో ఇల్లు చక్కబెట్టగలిగిన తెలివిలో ఉంటే, చిన్నవాళ్లను బడిలో చేర్చడానికి, వైద్యానికి, బ్యాంకు ఖాతాకు, ఆస్తికి వాళ్లే సంరక్షకులుగా నిలబడొచ్చు. "గార్డియన్ లేకపోతే అడ్మిషన్ ఇవ్వం" అనే హెడ్మాస్టరుకు ఆ సెక్షన్ జిరాక్సు చూపించు. జబ్బు ఉందని బడిలో చేర్చుకోననడాన్ని కూడా ఆ చట్టం నిషేధించింది.

ఇక గోలీల సంగతి. నీకు వచ్చే టెన్షన్ అంతా ఇక్కడే ఉంటుంది, కాబట్టి కొంచెం వివరంగా రాస్తా.

నెలనెలా అమ్మమ్మే ఎంజీఎంకు పోయి డబ్బాలు తెచ్చుకుంటుంది. పిల్లకు బడి పోతుందని తీసుకుపోదు. కానీ పిల్లల డోసు బరువును బట్టి ఉంటుంది. పిల్ల పెరుగుతుంటే గోలీ పాతదే మిగిలిపోతుంది, మందు చాలదు, వైరస్ మందుకు అలవాటు పడిపోతుంది. కాబట్టి బడి పోయినా సరే పిల్లను కాటా ఎక్కించాలి. ఒంట్లో వైరస్ ఎంత ఉందో చూసే వైరల్ లోడ్ పరీక్ష ఏడాదికోసారి చేయాలి, అది ఎప్పుడు చేశారో మందుల పుస్తకంలో చూడు, తేదీ దాటితే నువ్వే అడుగు. కౌన్సెలర్ మీద అరవకు, వాళ్ల దగ్గర ఎంత జనం ఉంటారో ఒక పొద్దంతా కూర్చుంటే తెలుస్తుంది.

ఇంటికి పోయినప్పుడు "గోలీ వేసుకుంటున్నావా" అని అడిగితే అందరూ వేసుకుంటున్నామనే అంటారు. డబ్బా తెప్పించి, తారీఖు చూసి, మిగిలినవి లెక్కపెట్టు. గురుకులంలో ఉండే పిల్ల అయితే ఇంకా జాగ్రత్త. డబ్బా మీది కాగితం గీకేసి, మూత కింద దూది కుక్కి పెట్టుకుంటారు, ట్రంకుపెట్టె కదిపినప్పుడు గలగల చప్పుడు రావద్దని. దూది ఉందంటే పిల్ల మందు వేసుకోవాలనే అనుకుంటోందని అర్థం, భయమల్లా పక్క మంచం పిల్లలతోనే. వార్డెన్‌కు చెప్పాలా వద్దా అన్నది పిల్లా, అమ్మమ్మా కలిసి తేల్చుకోవాలి. నీ అంతట నువ్వు పోయి చెప్పకు. మంచి ఉద్దేశంతోనే ఒక టీచర్ ఇంకో టీచర్‌కు చెప్పడం, వారం తిరిగేసరికి ఆ పిల్ల పళ్లెం విడిగా పెట్టడం మా దగ్గర ఒక బడిలో జరిగింది.

పిల్లకు అసలు సంగతి చెప్పడం గురించి. ఆరేడేళ్లప్పుడు, "నీ లోపల ఒక పురుగు నిద్రపోతోంది, ఈ గోలీ దాన్ని లేవనీయదు" అంటే చాలు. పదీ పన్నెండు వచ్చేసరికి పేరు పెట్టి చెప్పాలి, కౌన్సెలర్ ముందర, ఇంటివాళ్లు పక్కన ఉండగా. చెప్పకుండా దాచితే ఫోన్‌లో డబ్బా పేరు వెతికి తానే తెలుసుకుంటుంది. ఆ కోపం ముందు గోలీ మీద చూపిస్తారు, పదిహేను పదహారేళ్ల పిల్లలు మందు మానేసేది ఎక్కువగా అందుకే. "అమ్మ వల్లే వచ్చిందా" అని అడుగుతుంది. అవును అని చెప్పు, అమ్మకు తెలియకుండా వచ్చిందని కూడా చెప్పు. ఎవరి పాపం అని ఎవరైనా మొదలుపెడితే, పుట్టు గుడ్డివాణ్ని చూసి శిష్యులు అడిగింది అదే ప్రశ్న అనీ, ప్రభువు వాడిదీ కాదు, వాడి తల్లిదండ్రులదీ కాదన్నాడనీ యోహాను తొమ్మిదో అధ్యాయం తీసి చదివించు. అక్కడితో నోళ్లు మూతపడతాయి, కనీసం మన గుడిలో.

ఇప్పుడు నీకు నచ్చని మాట. స్వస్థత సభలు. మీ సంఘంలోనే వారం వారం జరుగుతాయని తెలుసు. ప్రార్థన వద్దని నేను ఎట్లా అంటాను, రోగి తల మీద చేయి వేయడానికే జనం జంకే రోజుల్లో చేయి వేసి ప్రార్థన చేసిన వాళ్లం. కానీ ఒక తిరకాసు ఉంది. మందులు బాగా పనిచేస్తే వైరల్ లోడ్ రిపోర్టులో వైరస్ కనబడలేదని వస్తుంది. దాన్ని పట్టుకుని "నెగెటివ్ వచ్చింది, ప్రభువు బాగుచేశాడు" అని మైకులో సాక్ష్యం చెప్తారు, ఆ రాత్రి నుంచి గోలీలు బంద్. కొన్ని వారాల్లో వైరస్ మళ్లీ లేస్తుంది. ఆ రిపోర్టుకు దేవునికి స్తోత్రం చెల్లించి అదే రాత్రి గోలీ వేసుకోవాలి అని అల్లుడు పల్పిట్ మీది నుంచి చెప్పాలి, నువ్వు చెప్తే చాలదు. మార్కు మొదటి అధ్యాయంలో కుష్ఠు రోగిని ముట్టుకుని బాగుచేసి ప్రభువు ఏమన్నాడో చూడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు, పోయి యాజకుడికి చూపించుకోమన్నాడు. మన సభల్లో ఈ రెండూ తిరగబడ్డాయి. రోగితో అందరికీ చెప్పిస్తున్నాం, చూపించుకోవాల్సిన చోటికి మాత్రం పోనివ్వడం లేదు.

పిల్లల ఇళ్లలో సగానికి పైగా క్రైస్తవులు ఉండరు. ఉండక్కర్లేదు కూడా. నువ్వు ఇచ్చే బియ్యానికీ, బాప్తిస్మానికీ ఎక్కడా ముడి పడకూడదు, పడినట్టు అనుమానం కూడా రాకూడదు. ఎవరైనా మన దేవుణ్ని అడిగితే చెప్పు, అడగకపోతే బస్సు చార్జీలు ఇచ్చి రా. బతుకమ్మకు పిల్ల పూలు తెచ్చుకుంటుంటే ముఖం మాడ్చుకోకు. నలుగురితో కలిసి చప్పట్లు కొట్టి ఆడే చోట ఆ పిల్లను ఎవరూ దూరం పెట్టడం లేదంటే నువ్వు సంతోషించాలి. ఇంటిల్లిపాదీ మేడారం పోతుంటే వద్దనకు, పోయి వచ్చేదాకా సరిపడా గోలీలు కొంగున కట్టుకున్నారా అని అమ్మమ్మను అడుగు. జాతరలో నాలుగు రోజులు తప్పిన గోలీలు చాలా చూశాను.

అల్లుడి స్నేహితుడు అమెరికా నుంచి ఫొటోలు అడుగుతున్నాడని రాశావు. పంపకు. సంరక్షణలో ఉన్న పిల్లల ముఖం, పేరు, ఊరు బయటపెట్టడం బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. ముఖం మసకబారించి, ఊరి పేరు కింద రాస్తే సరిపోతుందనుకోకు, తండాలో ఉండే ఇళ్లు ఎన్ని? బయటి దేశం పైసలు ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ లేకుండా ముట్టుకోవద్దు. 2020 సవరణ తర్వాత అవి ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి, అల్లుడి సేవింగ్స్ ఖాతాలో కాదు. నిజంగా ఎవరూ లేని పిల్ల కనబడితే నీ ఇంటికి తెచ్చుకుని పెట్టుకోవడం కూడా కుదరదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్, 24 గంటల్లో బాలల సంక్షేమ సమితికి తెలియాలి. రిజిస్ట్రేషన్ లేకుండా హోమ్ నడిపితే ఏడాది దాకా జైలు, లేదంటే లక్షకు తగ్గని జరిమానా, రెండూ కూడా వేయొచ్చు. ప్రేమతో చేశామంటే వినరు.

అయితే ఏం చేయాలి అంటావు. ఆ జాగా ఇస్తానన్న పెద్దమనిషిని, ఎంజీఎంకు నడిచిపోయేంత దూరంలో ఒక గది అద్దెకు ఇప్పించగలడేమో అడుగు. ఏటూరునాగారం, మంగపేట వైపు నుంచి వచ్చే అమ్మమ్మలు తెల్లారకముందే పిల్లను లేపి బస్సెక్కిస్తారు. దవాఖానలో ఆలస్యమైతే ఆఖరి బస్సు దొరకదు, బస్టాండులోనే పడుకుంటారు. రెండు చాపలు, ఒక గ్యాస్ పొయ్యి, బాత్‌రూమ్, లోపల గడియ. గది ఎవరిదని అడిగితే చుట్టాలదని చెప్పుకునేట్టు ఉండాలి. గోడ మీద వాక్యం క్యాలెండర్ కావాలంటే పెట్టుకో, దానికి నేను అడ్డం రాను.

వచ్చే నెల మందుల రోజున నాతో రా, కౌన్సెలర్‌కు పరిచయం చేస్తా. ముందు రోజు ఒకసారి ఫోన్ చెయ్, నాకు మోకాళ్లు బాగుంటే బస్సులోనే వస్తా. నువ్వు రాసిన ఆ అన్నాచెల్లెళ్లను కూడా వెంటబెట్టుకుని రా, ఆధార్ జిరాక్సులు రెండేసి తెచ్చుకోమను. ఒకటి అక్కడ ఎట్లాగూ పోగొడతారు.

మీ పెద్దమ్మ,
హనుమకొండ