కమ్మరి ఇంటి బిడ్డ తెచ్చిన చట్టం

ప్రశ్న: మా అమ్మాయికి తిరుపతి వ్యవసాయ కళాశాలలో సీటు వచ్చింది. అమెరికాలోని ల్యాండ్ గ్రాంట్ కాలేజీలే ఈ చదువుకు నమూనా అని, మోరిల్ అనే ఆయన వాటికి కారకుడని తరగతిలో చెప్పారట. కాలేజీ కట్టుకోవడానికి స్థలం ఇచ్చారనా దాని అర్థం? ఆయన ఎవరండీ?
- ఒక తల్లి, తిరుపతి

జవాబు: అమ్మా, మీ అమ్మాయికి నా ఆశీస్సులు. నేలల శాస్త్రం బోధించినన్నాళ్లూ ఏటా మొదటి పాఠంలో నేను తలచుకున్న పేరు అది.

జస్టిన్ మోరిల్ 1810లో వెర్మాంట్ రాష్ట్రంలోని స్ట్రాఫర్డ్‌లో ఒక కమ్మరి ఇంట పుట్టారు. కాలేజీ చదువుకు స్తోమత లేక, పదిహేనేళ్లకే బడి మాని కొట్లో గుమస్తాగా చేరారు. వ్యాపారంలో నిలదొక్కుకున్నాక 1854లో ప్రతినిధుల సభకు ఎన్నికయ్యారు. 1898లో కన్నుమూసే నాటికి సెనేటర్‌గా ఉన్నారు.

స్థలం సంగతి చాలామంది పొరబడేదే. మోరిల్ తెచ్చిన చట్టం ప్రకారం, అమెరికా కాంగ్రెస్‌లో, అంటే వాళ్ల పార్లమెంటులో, రాష్ట్రానికి ఎందరు సభ్యులుంటే, ఒక్కొక్కరికి 30,000 ఎకరాల లెక్కన ఆ రాష్ట్రానికి ప్రభుత్వ భూమి ఇచ్చారు. అది అమ్మగా వచ్చిన సొమ్మును మదుపు చేసి, అసలు ముట్టకుండా వడ్డీతో వ్యవసాయం, యంత్రవిద్య నేర్పాలి. భవనాలకు అందులోంచి పైసా వాడకూడదు. తిరుమలలో నిత్యాన్నదానం విరాళాలను బ్యాంకులో వేసి, వడ్డీతో భోజనం పెట్టే పద్ధతి మీకు తెలిసిందే కదా, అలాంటిదే.

1859లో అమెరికా అధ్యక్షుడు బుకానన్ ఈ బిల్లును ఆమోదించకుండా తిప్పి పంపారు. మోరిల్ పట్టు వదల్లేదు. దీన్ని వ్యతిరేకించిన దక్షిణాది రాష్ట్రాలు దేశం నుంచి విడిపోయి, వాటి సభ్యులు సభ వీడాక మళ్లీ తెచ్చారు. 1862 జూలై 2న లింకన్ సంతకం చేశారు.

ఒకటి మాత్రం దాచకూడదు. పంచిన ఆ నేల ఆదివాసులది. ఒప్పందాల పేరుతో కొంత, బలవంతంగా కొంత వాళ్ల చేతుల్లోంచి లాక్కున్నది. ఈ మాట చెప్పకుండా నేను ఆ పాఠం ఏనాడూ ముగించలేదు.

మన దేశంలో ఆ నమూనాతో మొదటి విశ్వవిద్యాలయం 1960లో పంత్‌నగర్‌లో వెలిసింది. తిరుపతి కళాశాల 1961లో మొదలైంది, రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయం 1964లో వచ్చింది. నేను కాలేజీలో చేరతానన్నప్పుడు, చిత్తూరు దగ్గర మెట్ట చేలో వేరుశనగ వేసే మా నాన్న, ‘మట్టికి కూడా పుస్తకం ఉందా?’ అని ఆశ్చర్యపోయారు. ఉందమ్మా. నారాయణి, ధరణి అనే వేరుశనగ రకాలు తిరుపతి పరిశోధన స్థానంలోనే పుట్టాయి. మీ అమ్మాయిని ఈ వారమే ఆ మళ్లు చూసి రమ్మనండి.